చేపల గుంటకి ఏ గాలి మిషను?

మా వైపు ఇంజినీరు అంటే ఇంజినీరే. సాఫ్ట్‌వేరా, సివిలా, కరెంటా అన్న తేడాలు మా చుట్టాలెవరికీ పట్టవు. మిక్సీ తిరక్కపోయినా, బోరు మోటారు కాలినా, టీవీలో బొమ్మ రాకపోయినా "నువ్వు ఇంజినీరు గదా, ఏందో జూడు" అంటారు. బెంగుళూర్లో కూచుని జావా రాసుకుని బతికేవాడికి మోటార్ల గురించి ఏం తెలుస్తుందని ఎవరూ అడగరు. నేనూ తెలీదని చెప్పను. ఇంటికొచ్చి గూగుల్లో వెతుక్కుని తెలిసినట్టు చెబుతా. ఇన్నేళ్ళుగా బండి ఇలాగే నడుస్తోంది.

కానీ 2024 అక్టోబరులో పుంగనూరు నుంచి మా మామ ఫోను చేసినప్పుడు విషయం మిక్సీది కాదు.

"రేయ్ అల్లుడా, పొద్దున లేసి జూస్తే గుంటంతా తెల్లగా తేలిండాయిరా. బొచ్చెలన్నీ పోయినాయి. ఎవురో మందు కలిపినారు."

ముందు మామ సంగతి కొంచెం చెప్పాలి. మదనపల్లె, పుంగనూరు చుట్టుపక్కల రైతు అంటే టమాటా రైతే. 2023 జూలై చివర్లో మదనపల్లె మార్కెట్లో కిలో టమాటా రెండొందల దరిదాపులకి పోయిందని దేశమంతా టీవీల్లో చూసే ఉంటారు. అప్పుడు తోటలో కాయ ఉన్న అదృష్టవంతుల్లో మా మామ ఒకడు. అదే మార్కెట్లో ఆ తర్వాత రెండు నెలలకి ధర ఎక్కడికి పడిపోయిందో టీవీల్లో అంతగా చూపించలేదు. మామ మాత్రం దగ్గరుండి చూశాడు. అందుకే ఆ డబ్బు మళ్ళీ టమాటాలో పెట్టకుండా పల్లం చేలో మూడెకరాల గుంట తవ్వించాడు. చేపపిల్లలకి, మేతకి చాలక అత్త నగలు కుదవ పెట్టాడు. ఆ నగలు అత్తవే గానీ, నిజానికి మా మరదలి పెళ్ళికని దాచినవి. అంటే ఆ తెల్లవారుజామున తేలిన చేపలు ఎవరి మెడలోవో మీకు అర్థమయ్యే ఉంటుంది. సుమారు రెండు టన్నులు పోయాయి. కిలో వంద అనుకున్నా రెండు లక్షలు.

ఇక ఆ "ఎవురో" ఎవరో కూడా మామ అప్పటికే తేల్చేశాడు. గట్టు తగాదా ఉన్న పక్క చేను ఆయన. స్టేషన్‌కి పోవడానికి చొక్కా వేసుకుని మరీ నాకు ఫోను చేశాడు. నేను చేసిన మొదటి పని ఇంజినీరింగు కాదు, "సాయంత్రం దాకా ఆగు మామా, నేనొస్తున్నా" అని బతిమాలుకోవడం. బస్సెక్కి, దారంతా ఫోన్లో చేపల చావుల గురించి చదువుకుంటూ పోయా.

చదివినదాంట్లో అప్పుడు అక్కరకొచ్చిన ముక్క ఒకటుంది. మందు కలిస్తే సాధారణంగా చిన్న చేపలు ముందు పోతాయి. ఏ వేళనైనా పోతాయి. పురుగులు, కప్పపిల్లలు కూడా పోతాయి. ఊపిరాడక పోతే వరస తిరగబడుతుంది. పెద్ద చేపలు ముందు పోతాయి, అదీ తెల్లవారుజామున. బతికినవి గట్టు పక్కకి వచ్చి మూతులు పైకి పెట్టి గుటకలు మింగుతుంటాయి. మామ గుంటలో కిలోకి దగ్గరపడ్డ బొచ్చెలు ముందు పోయాయి. చిన్న శీలావతులు బతికాయి. కప్పపిల్లలు నిక్షేపంగా ఈదుతున్నాయి. పైగా అంతకుముందు నాలుగు రోజులు ముసురు, ఎండ పొడ లేదు. నీళ్ళు చిక్కటి ఆకుపచ్చ, మజ్జిగ గ్లాసులో పసరు పిండినట్టు. పుంగనూరు వైపు కోళ్ళ ఫారాలు చాలా ఉన్నాయి కాబట్టి కోళ్ళ ఎరువు చౌక. మామ ట్రాక్టరు ట్రాక్టరుగా కొట్టించాడు.

పక్క చేను ఆయన మందు కలపలేదని మామని ఒప్పించడానికి రెండు గంటలు పట్టింది. స్టేషన్‌కి పోలేదు. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసిన అసలు మేలు అదే, మిషను సంగతి తర్వాత.

సరే, అసలు ఏం జరుగుతుందంటే... నీళ్ళలో కరిగిన ఆక్సిజన్‌ని లీటరుకి మిల్లీగ్రాముల్లో కొలుస్తారు. మన చేపల గుంటల్లో దాన్ని పెట్టేది ముఖ్యంగా గాలి కాదు, నీటిలోని ఆకుపచ్చ నాచు. పగలంతా ఎండకి ఆక్సిజన్ తయారు చేస్తుంది. పొద్దు కుంకాక ఆ తయారీ ఆగిపోతుంది, అదే నాచు మనలాగే ఊపిరి పీల్చడం మాత్రం ఆపదు. రాత్రంతా తరుగే, పెరుగు లేదు. అందుకే తెల్లవారకముందు ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువ ఉంటుంది. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు లాంటివి హాయిగా పెరగాలంటే ఐదు దాకా ఉండాలి. మూడు కింద ఇబ్బంది. ఒకటికి దిగితే చావు. ఇంకోటి, నీళ్ళు వేడెక్కేకొద్దీ ఆక్సిజన్ తక్కువ పడుతుంది. 20 డిగ్రీల దగ్గర తొమ్మిది పట్టే నీళ్ళు 30 డిగ్రీలకొచ్చేసరికి ఏడున్నరే పడతాయి. ఎత్తు పెరిగినా అంతే. మదనపల్లె సముద్ర మట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి గాలి ఒత్తిడి ఎనిమిది శాతం తక్కువ, నీళ్ళు పట్టే ఆక్సిజనూ అంతే తక్కువ. మదనపల్లె చల్లగా ఉంటుందని బ్రిటిష్ వాళ్ళు మెచ్చుకున్నారు, హార్స్‌లీ కొండ మీద బంగళాలు కట్టుకున్నారు గానీ, చేపకి ఆ చల్లదనంలో వచ్చే లాభంలో కొంత ఆ ఎత్తే తినేస్తుంది.

మూడెకరాలు, సగటు లోతు రెండు మీటర్లు అంటే సుమారు 24,000 ఘనపు మీటర్ల నీళ్ళు. అందులో ఆరు టన్నుల చేప. చేప కిలోకి గంటకి పావు గ్రాము ఆక్సిజన్ వాడుతుందనుకుంటే మొత్తం చేపలకి గంటకి కిలోన్నర. మరి నాచు, అడుగు బురద, అందులో కుళ్ళే కోళ్ళ ఎరువు? వాటికి గంటకి ఆరు కిలోల దాకా. అంటే ఇంట్లో అద్దె కట్టే చేప తినేది ఐదో వంతు, మిగతాదంతా పిలవకుండా వచ్చిన చుట్టాలు తినేస్తున్నారు! ఈ లెక్క వేసుకునేదాకా నేనూ చేపలే ఆక్సిజన్ అంతా తాగేస్తాయనుకునేవాణ్ణి. ఏ మిషను అని అడిగేముందు ఎరువు ఎంత అని అడగాలని దీంతో అర్థమైంది. మొదటి చికిత్స పైసా ఖర్చు లేనిది. కోళ్ళ ఎరువు ఆపడం, మబ్బు పట్టిన రోజు మేత ఆపడం. మామకి ఇది అస్సలు నచ్చలేదు. "మిషను జెప్పమంటే మేత ఆపమంటాడేందీడు" అని అత్తతో అన్నాడట.

అప్పటికే మామ ఇంటికి సలహాలు మొదలయ్యాయి. మందుల షాపాయన ఆక్సిజన్ బిళ్ళలు ఇచ్చాడు, ఐదు కిలోల డబ్బా. సోడియం పర్‌కార్బొనేట్ అనే మందు అది. కిలో బిళ్ళల్లో వచ్చే ఆక్సిజన్ మహా అయితే 130, 150 గ్రాములు. మా గుంట మొత్తంలో ఆక్సిజన్‌ని ఒక్క పాయింటు పెంచాలంటే 24 కిలోల ఆక్సిజన్ కావాలి, అంటే సుమారు 180 కిలోల బిళ్ళలు. ఐదు కిలోల డబ్బా ఆ మూడెకరాల్లో ఏం చేస్తుందో మీరే చెప్పండి. చచ్చిపోతున్న ఒక మూలలో కుమ్మరిస్తే కాసేపు పనికొస్తుందేమో గానీ, గుంటంతా చల్లడం దిష్టి తీయడం లాంటిదే.

ఇంకొకాయన "బోరు నీళ్ళు వదులు, కొత్త నీళ్ళు గదా, గాలి వస్తుంది" అన్నాడు. మా వైపు ఇది గట్టి నమ్మకం. కానీ భూమిలో వందల అడుగుల లోతు నుంచి వచ్చే నీళ్ళలో ఆక్సిజన్ దాదాపు ఉండదు. అక్కడ ఎండా లేదు, నాచూ లేదు, గాలీ లేదు కదా. ఆ నీళ్ళు పైపులోంచి గుంటలోకి మెత్తగా జారితే లాభం లేకపోగా నష్టం. పైనుంచి చిల్లుల పైపుల్లో చిమ్మిస్తే, రాళ్ళ మీద కొట్టిస్తే అప్పుడు గాలి పట్టుకుంటుంది. అప్పుడు కూడా ఆ గాలి పట్టించింది చిమ్మడమే, బోరు కాదు. పైగా వెయ్యడుగుల బోర్లో రెండించుల నీళ్ళు వచ్చే ఊళ్ళో ఆ నీళ్ళని నమ్ముకుని మూడెకరాల గుంటని ఏం కాపాడతాం!

కోస్తా వైపు నుంచి వచ్చిన మిషన్ల ఏజెంటు ఒకడు మాత్రం చాలా స్పీడు. గుంట చూడలేదు, లోతు అడగలేదు, "ఎకరాకి రెండు హెచ్‌పీ, మూడెకరాలకి ఆరు, సార్" అన్నాడు. ఇది రొయ్యల గుంటల లెక్క. 2009 తర్వాత వెనామీ రొయ్య వచ్చాక భీమవరం, నెల్లూరు వైపు గుంటల్లో తెల్లటి రెక్కలు తిప్పుకుంటూ నురగలు కక్కే చక్రాలు చూసే ఉంటారు, అవే ప్యాడిల్ వీల్ ఏరేటర్లు. రొయ్యల్లో అవి రాత్రీ పగలూ తిరుగుతాయి. కొల్లేరు చుట్టుపక్కల బొచ్చె, శీలావతి గుంటల్లో మాత్రం ఎకరాలకెకరాలు ఏ చక్రమూ లేకుండా నడిచాయి, నడుస్తున్నాయి. తేడా ఎక్కడుందంటే ఎకరాకి ఎంత చేప, ఎంత మేత అన్నదాంట్లో. రొయ్యల మనిషికి మన గుంట రొయ్యల గుంటలాగే కనిపిస్తుంది, తప్పు పట్టలేం. మా ఆఫీసులో కూడా ఏ సమస్య వచ్చినా డేటాబేసు మార్చేద్దామనే పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు.

నేను చెప్పింది ఒకటే. ముందు కొలుద్దాం. కొలవని దాన్ని బాగుచేయలేం అనేది మా వృత్తిలో నాకు నిజంగా పనికొచ్చిన నాలుగు ముక్కల్లో ఒకటి. ముందు చుక్కల మందులు వేసి రంగు చూసే కిట్టు కొన్నాం, తర్వాత మీటరు. ఇంకో పరికరం మామే చేశాడు. స్టీలు పళ్ళానికి నలుపూ తెలుపూ రంగులేసి, మధ్యలో చిల్లు పెట్టి, కర్రకి బిగించాడు. నీళ్ళలో దించుతూ పోతే ఎక్కడ కనపడకుండా పోతుందో అక్కడ కొలత. దీన్ని సెక్కీ పళ్ళెం అంటారు. జానెడున్నర, రెండు జానల దగ్గర మాయమైతే నాచు బాగున్నట్టు. జానెడు లోపే మాయమైతే నాచు మితిమీరినట్టు, మబ్బు పడితే ప్రమాదం. మామ గుంటలో అప్పుడు అది బెత్తెడు కూడా లేదు.

మీటరు చూపించిన వింత ఇంకొకటి. ఎండ కాసిన ఒక సాయంత్రం పైన అడుగు లోతులో తొమ్మిది ఉంది. అదే చోట ఐదడుగుల కింద ఒకటి! వేడెక్కిన నీళ్ళు తేలిక, పైన దుప్పటిలా పరుచుకుంటాయి. చల్లటి నీళ్ళు కిందే ఉండిపోతాయి. చిక్కటి నాచుని దాటి ఎండ కిందకి పోదు. అంటే మామకున్నది రెండు మీటర్ల గుంట కాదు, పైన ఒక మీటరు గుంట, కింద ఒక మీటరు మురుగు. గట్టి వాన పడి, చల్లటి నీళ్ళు పైనుంచి దిగి, ఈ రెండూ ఒక్కసారిగా కలిస్తే పైన ఉన్న కాస్త ఆక్సిజన్ని కింద మురుగు మింగేస్తుంది. మే నెలలో గాలివాన పడ్డ మర్నాడు చేపలు తేలాయంటే జనం పిడుగు పడిందంటారు. చాలాసార్లు అది ఈ తిరగబడడమే.

రాత్రి లెక్క మాత్రం నాకు భలే నచ్చింది. చేపల శాస్త్రంలో పాత పద్ధతే, నేను కనిపెట్టిందేం కాదు. పొద్దు కుంకాక ఏడింటికి ఒకసారి, పదింటికి ఒకసారి ఆక్సిజన్ కొలవాలి. రాత్రి తరుగు దాదాపు ఒకే వేగంతో ఉంటుంది కాబట్టి ఆ రెండు చుక్కల మీదుగా గీత గీసి తెల్లవారు ఆరింటి దాకా లాగితే పొద్దున ఎంత ఉంటుందో ముందే తెలిసిపోతుంది. ఏడింటికి 6, పదింటికి 5.1 అనుకోండి. గంటకి 0.3 చొప్పున ఇంకో ఎనిమిది గంటలు, పొద్దునకి 2.7. ఫరవాలేదు, పడుకోవచ్చు. అదే ముసురులో ఏడింటికి 4.5, పదింటికి 3.6 అయితే పొద్దునకి 1.2. ఆ రాత్రి నిద్ర లేదు. మామ చదివింది ఏడో తరగతి. గళ్ళ నోటుబుక్కు మీద స్కేలు పెట్టి ఈ గీత నాకంటే శుభ్రంగా గీస్తాడు.

ఇంతా అయ్యాక మిషన్ల దగ్గరికి వచ్చాం. ఒక యూనిట్ కరెంటుకి ఎంత ఆక్సిజన్ కలుపుతుందన్నది వీటి మైలేజీ. అమెరికాలో క్లాడ్ బోయ్డ్ అనే ప్రొఫెసరు వీటన్నిటినీ తొట్లలో పెట్టి కొలిచాడు. ప్యాడిల్ వీల్ సగటున 2.2 కిలోలు, నీళ్ళలోకి గాలి పీల్చే ప్రొపెల్లర్ రకం 1.6, నీళ్ళు పైకి చిమ్మేవి 1.3, 1.4, అడుగున గొట్టాలు పరిచి బుడగలు వదిలే డిఫ్యూజర్ 0.9. ఇవి శుభ్రమైన నీళ్ళలో, అసలు ఆక్సిజనే లేని స్థితి నుంచి మొదలెట్టి కొలిచినవి. మన గుంటలో అందులో సగం వస్తే గొప్ప. అంటే హెచ్‌పీకి గంటకి 0.8 కిలో అనుకోవాలి. కారు కంపెనీ చెప్పే మైలేజీ లాంటిదే.

డిఫ్యూజర్ ఎందుకు అంత తక్కువ అంటే, రెండు మీటర్ల లోతు నుంచి బుడగ ఏడెనిమిది సెకన్లలో పైకి వచ్చేస్తుంది. అడుగు లోతుకి ఒకటి రెండు శాతం గాలి మాత్రమే నీళ్ళలో కరుగుతుంది. ఆరడుగుల గుంటలో తొంభై శాతం గాలి మళ్ళీ గాలిలోకే. అలాగని అది చెడ్డ మిషనని కాదు. కుప్పంలో నాతోపాటు ఇంటర్ చదివిన మిత్రుడొకడు పాడుబడ్డ గ్రానైట్ క్వారీ గుంతలో చేపలు పెంచుతున్నాడు. (కుప్పం అంటే మీకు ద్రావిడ విశ్వవిద్యాలయమో, చంద్రబాబు నాయుడు గారో గుర్తొస్తారేమో గానీ రాళ్ళ వ్యాపారులకి కుప్పం గ్రీన్ గ్రానైటు గుర్తొస్తుంది.) వాడి దగ్గర మిషను చూడ్డానికి మామా నేనూ పలమనేరు, వి.కోట మీదుగా బైకు మీద పోయాం. నలభై అడుగుల లోతు, నిట్టనిలువు గోడలు, విస్తీర్ణం అర ఎకరా కూడా లేదు. అక్కడ ప్యాడిల్ వీల్ పెడితే పైన మూడడుగులు నురగ తప్ప ఏమీ ఉండదు. డిఫ్యూజర్ అయితే నలభై అడుగుల నుంచి బుడగలు లేస్తూ కింద నీళ్ళని కూడా పైకి లాక్కొస్తాయి, సగం గాలి దారిలోనే కరిగిపోతుంది. అయితే మామూలు బ్లోయరు అంత లోతుకి గాలి తోయలేదు. పది మీటర్ల నీళ్ళంటే ఒక వాతావరణమంత ఒత్తిడి. కంప్రెసరు కావాలి. ఇంకో జాగ్రత్త కూడా వాడే చెప్పాడు. మొదటిరోజే గంటలకొద్దీ ఆడిస్తే అడుగున ఏళ్ళ తరబడి మగ్గిన కుళ్ళు గుడ్ల కంపు నీళ్ళు ఒక్కసారిగా పైకొచ్చి చేపల్ని చంపేస్తాయి. మొదటిరోజు పావుగంట, మర్నాడు అరగంట, అలా వారం పది రోజుల మీద పెంచాడు. మందు డోసులాగా.

తిరిగొచ్చేటప్పుడు మామ అన్నాడు: "వానిది బావి, మనది పళ్ళెం. బావికి బెట్టే మిషను పళ్ళేనికెట్ల బెడతార్రా?" నేను నాలుగు పేజీల స్ప్రెడ్‌షీట్లో చెప్పిందీ అదే.

ఫౌంటెన్ మిషన్ల గురించి ఒక ముక్క. బెంగుళూర్లో అపార్ట్‌మెంట్ల ముందు చెరువుల్లో లైట్లేసి ఎగరేస్తారే, అవి. అందంగా ఉంటాయి. 2016 మార్చిలో అలసూరు చెరువులో చేపలు గుట్టలు గుట్టలుగా తేలినప్పుడు ఆ గట్టు మీద ముక్కు మూసుకుని నడిచినవాడిగా చెబుతున్నా, మురుగు ఆగకుండా వస్తుంటే ఏ ఫౌంటెనూ ఏమీ చేయలేదు.

ప్యాడిల్ వీల్ అని తేలింది. ఇక్కడే అసలు చిక్కు మొదలైంది, కరెంటు. ఆంధ్రాలో వ్యవసాయానికి ఉచిత కరెంటు తొమ్మిది గంటలు, అదీ పగలు. రైతు రాత్రిపూట చీకట్లో మోటారు దగ్గరికి పోయి పాముకాటుకి, షాకుకి బలైన రోజులు గుర్తున్నవాళ్ళకి పగటి కరెంటు ఎంత మేలో తెలుసు. నేను దాన్ని తప్పు పట్టను. కానీ చేపకి ఊపిరాడనిది రాత్రి ఒంటిగంట నుంచి ఆరింటి దాకా. అప్పుడు పొలంలో త్రీఫేజ్ ఉండదు. పైగా చేపల గుంటకి కనెక్షను వేరే కేటగిరీ, వేరే మీటరు. దరఖాస్తు పెట్టాం, స్తంభాలకి డబ్బు కట్టాం, ఆ లైను రావడానికి ఎన్ని నెలలు పట్టిందో చెప్పి మీ టైము వేస్టు చేయను.

సోలార్ పెట్టొచ్చు కదా అని ఆఫీసులో ప్రతివాడూ అడిగాడు. బ్యాటరీ లేని సోలార్ పగలే తిరుగుతుంది, రాత్రి చేపకి అది అక్కరకు రాదు. కొట్టిపారేయలేని మాట ఒకటుంది లెండి. పగలు పైనున్న తొమ్మిది పాయింట్ల నీళ్ళని కిందనున్న ఒక పాయింటు నీళ్ళతో నెమ్మదిగా కలిపితే రాత్రికి నిల్వ పెరుగుతుంది. మధ్యాహ్నం తయారయ్యే ఆక్సిజన్ పైపైనే ఎక్కువై గాల్లోకి పోకుండా కిందకి దాచుకున్నట్టు. ఎండ కాసే రోజుల్లో ఇది బాగా పనిచేస్తుంది. మా చేపలు చచ్చింది మాత్రం నాలుగు రోజులు ఎండ లేనప్పుడు. ప్యానెలు కూడా ఆ నాలుగు రోజులూ మూసుకుని కూచుంటుంది. అవసరమైన రోజే సెలవు పెట్టే ఉద్యోగిని మొదటి ఉద్యోగిగా ఎవరు పెట్టుకుంటారు? రెండోవాడిగా ఎప్పుడైనా చూడొచ్చు.

దారి మామ ఇంట్లోనే ఉంది, ట్రాక్టరు. వెనక షాఫ్టుకి తగిలించే ఆల్టర్నేటరు దొరుకుతుంది, పెళ్ళిళ్ళకి, సినిమా షూటింగులకి వాడతారు. పది కేవీఏది సెకండ్‌హ్యాండు దొరికింది. రెండు ప్యాడిల్ వీల్స్, ఒక్కోటి రెండు హెచ్‌పీ, నాలుగేసి చక్రాలవి తీసుకున్నాం. 2020లో మొదలైన మత్స్య సంపద యోజనలో మామూలు వాళ్ళకి 40 శాతం, మహిళలకి, ఎస్సీ ఎస్టీలకి 60 శాతం సబ్సిడీ ఉంది. అత్త పేరున పెట్టి ఉంటే ఎంతో కొంత కలిసొచ్చేది. కానీ వర్షాకాలం ఆగదు, అప్పటికి చేతిలో ఉన్నదాంతో కొనేశాం.

నాలుగు హెచ్‌పీ చాలదని నాకు తెలుసు. నాలుగు హెచ్‌పీ అంటే గంటకి 3.2 కిలోలు, గుంట తాగేది ఏడున్నర. మొత్తం గుంటని నిలబెట్టాలంటే తొమ్మిది పది హెచ్‌పీ కావాలి, అంత డబ్బు లేదు. అయితే లెక్క ఇంకోలా చూడండి. గంటకి 0.31 పడే చోట 0.18 పడుతుంది. పదింటికి 3.6 ఉన్న ముసురు రాత్రి, మిషన్లు లేకపోతే పొద్దునకి 1.2, ఉంటే 2.2. చేప చావడానికీ, బాధపడి బతకడానికీ తేడా ఆ ఒక్క పాయింటే. పైగా మిషన్ల ముందు అర ఎకరా మేర నీళ్ళు ఇంకా మెరుగ్గా ఉంటాయి, ఊపిరాడని చేప దాన్ని వెతుక్కుంటూ వచ్చేస్తుంది. ఊరంతా తడిసినా బస్టాండు రేకుల కింద నిలబడ్డట్టు. అందుకే రెండు మిషన్లనీ చెరో మూలా పెట్టకుండా ఒకే వైపు పెట్టాం. ఏజెంటు చెప్పినట్టు గుంటకి ఎదురెదురుగా పెడితే ఫోటోకి బాగుండేది. కోళ్ళ ఎరువు ఆపేశాక నాచు సగానికి తగ్గింది, అంటే గుంట తాగేదీ తగ్గింది. నాలుగు హెచ్‌పీ లెక్కకి దమ్మొచ్చింది దాంతోనే.

బిగించేటప్పుడు తెలిసిన చిల్లర సంగతులు. ఫేజు తిరగబడితే చక్రం వెనక్కి తిరుగుతుంది, నీళ్ళు చిమ్ముతున్నట్టే కనిపిస్తుంది గానీ గాలి కలవదు. రెండు మోటార్లనీ ఒకేసారి ఆన్ చేస్తే ఆల్టర్నేటరు మూలుగుతుంది, స్టార్టింగు కరెంటు ఐదారు రెట్లు లాగుతుంది కాబట్టి నిమిషం ఆగి రెండోది వేయాలి. మీటరు కంటే తక్కువ లోతులో పెడితే అడుగు బురద రేగుతుంది. నీళ్ళలో వైరు జాయింట్లు అస్సలు ఉండకూడదు, ఎర్త్ లీకేజీ బ్రేకరు లేకుండా గుంటలో చెయ్యి పెట్టకూడదు. ఈ ఒక్కదాంట్లో మాత్రం నేను మామతో గొడవ పడి మరీ పెట్టించా.

2025 మొదట్లో మళ్ళీ పిల్లలు వదిలారు, ఈసారి ఎకరాకి రెండువేల ఐదొందలే. ఆగస్టులో హంద్రీ-నీవా కాలవలో కృష్ణా నీళ్ళు కుప్పం దాకా వచ్చాయని ఊరంతా పండగ చేసుకున్నప్పుడు మా మామ అడిగిన మొదటి ప్రశ్న "ఆ నీళ్ళలో డీఓ ఎంతుంటాదిరా?" అని. అంత పాడైపోయాడు.

అక్టోబరు, నవంబరు ముసుర్లలో పదకొండు రాత్రులు ట్రాక్టరు ఆడింది. నోటుబుక్కులో రాసి ఉంది, పదకొండు గీతలు, ఒక్కో గీత కింద డీజిలు లీటర్లు. ఒక రాత్రి రెండింటికి ఫోను చేశాడు. "పదింటికి మూడు పాయింట్ ఆరు. మిషన్లు ఏసినా. నువ్వు పడుకో, ఊరికే జెప్తాండా" అన్నాడు. నేను పడుకోలేదు, వాడూ పడుకోలేదు. (మామని వాడు అంటున్నానని అత్తకి చెప్పకండి.) పొద్దున ఆరింటికి 2.4 వచ్చింది. చేపలన్నీ మిషన్ల ముందే గుంపుగా ఉన్నాయట, వల వేస్తే చాలు అన్నట్టు. ఏడు చచ్చాయి. ఏడంటే ఏడే, లెక్కపెట్టి చెప్పాడు.

డిసెంబరులో పట్టారు. మదనపల్లె మార్కెట్లో ఐసు మీద వచ్చే కొల్లేరు చేప పక్కన బతికున్న చేపకి కిలోకి ఇరవై రూపాయలు ఎక్కువ పలికింది. నగలు విడిపించారు, గాజులు తప్ప. త్రీఫేజ్ లైను ఎట్టకేలకు వచ్చింది, కాబట్టి వచ్చే ముసురుకి డీజిలు ఖర్చు తగ్గుతుంది. ట్రాక్టరు ఆల్టర్నేటరు మాత్రం అమ్మొద్దన్నా. ముసురు రాత్రే కరెంటు పోతుందని మన అందరికీ తెలిసిందే కదా.

పక్క చేను ఆయన కూడా ఇప్పుడు గుంట తవ్విస్తున్నాడు. సెక్కీ పళ్ళెం అడిగి తీసుకుపోయాడట. ఇంకా తిరిగి ఇవ్వలేదని మామ గొణుగుతున్నాడు.